డాక్టర్ నిసోన్ ఒడి

డాక్టర్ నిసోన్ ద్రాక్షపందిరి కింద చెక్కమంచం మీద కూర్చుని, ఒడిలో దిండు, దాని మీద ఒక ఖర్బూజా పండు పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ముని మనవడు పుట్టిన దగ్గర్నుంచి పొద్దున్నే ఇదే సాధన. పండు కదలకూడదని ఆయన పట్టు. వేళ్లు మాత్రం మాట వినడం లేదు. అవి వణికాయి, వాటితో పాటు పండూ వణికింది.

"ఏమయ్యా డాక్టరూ, ఆ పండుకి కూడా దగ్గొచ్చిందా?" వంటింటి గుమ్మంలోంచి భార్య బులోర్ అడిగింది.

"జ్వరం. చూస్తున్నా."

"చూసింది చాల్లే, ఇటివ్వు. కోయాలి. చుట్టాలు వచ్చే వేళయింది."

ఆ రోజు మనవరాలు జులై కొడుక్కి సున్తీ. మా సమర్‌కంద్ యూదుల ఇళ్లలో అంతకు మించిన పండగ లేదు. కత్తి పడే ఆ క్షణంలో బిడ్డను ఒడిలో పెట్టుకునే పెద్దమనిషిని సందక్ అంటాం. ఆ కుర్చీ ముత్తాతది. అందులో ఎవరికీ పేచీ లేదు, పేచీ అంతా ఆయన చేతులతోనే. ఇంట్లో ఆడవాళ్లు కూడబలుక్కుని మొన్ననే ఆ కుర్చీని జులై మామగారు అమ్నూన్‌కి ఇచ్చేశారు. అమ్నూన్ మంగలి. ఆయన కత్తి ఇంతవరకు ఎవరి చెంపనూ గీరలేదు. డాక్టరు "అలాగే కానివ్వండి" అన్నాడు గానీ, ఆ పూట భోజనం మానేశాడు.

రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని సత్తార్ వచ్చాడు. గడ్డం నెరిసిన ఉజ్బెక్కు మనిషి. బుట్ట దించి, ఎవరూ అడక్కుండానే వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తాడు. ఊరంతటికీ తెలిసిన సంగతే: పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం వెలగబెట్టినంత కాలం డాక్టరు వీపులకు చెవి ఆనించి ఆనించి, ముఖాలు మరిచిపోయాడు.

డాక్టరు ఆ వీపుకి చెవి ఆనించాడు. "ఓహో, సత్తార్! కోరింత దగ్గు. నీ మూలంగా మీ వీధికి వీధీ నిద్రపోలేదురా."

"మీరూ పోలేదుగా దోఖ్తూర్. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది, తెల్లార్లూ నన్ను భుజానేసుకుని తిరిగారట. ఇవాళ బిడ్డను పట్టుకునేది మీరేగా?"

"లేదు. నాకు కళ్లారా చూసే ఉద్యోగం ఇచ్చారు."

సత్తార్ బుట్టలో రొట్టెలు సర్దాడు. డాక్టరు తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. నలుగురు కూతుళ్లకీ శుక్రవారం శుక్రవారం తలంటి, తలకి నలభై సన్నజడలు అల్లిన చేతులు. తల్లి అల్లితే లాగుతుందని పిల్లలు ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్లు. ఆసుపత్రి నుంచి ఎంత అలసి వచ్చినా జడల దగ్గర మాత్రం ఆయనకి తొందర ఉండేది కాదు. పెద్దదాని పెళ్లినాడు చివరి జడ అల్లి, పెరట్లోకి వెళ్లి ఏడ్చాడు కూడా. బులోర్ చూసి, ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లు ఇంత కళకళలాడిన ఇల్లు తనకి దక్కిందని ఆయనకి ఎప్పుడూ సంతోషమే. ఆ సంతోషాన్ని చివరిసారి ఒడినిండా పట్టుకోవాలని ఆయన కోరిక, అంతే.

మతాచారాలు సర్కారుకి గిట్టని రోజులు కాబట్టి, పై అధికారులకి తెలియకూడదని వీధి తలుపు మూశారు. పిలావు వాసనకి తలుపెవరు వేస్తారు? వీధిలో సగం మంది లోపలే ఉన్నారు. ఆచారం ప్రకారం బిడ్డ ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతూ సందక్ దగ్గరికి రావాలి. వాడు జులై చేతుల్లోంచి కదలడంతోనే ఆరున్నొక్కరాగం అందుకున్నాడు. మామయ్యలు జోకొట్టారు, పిన్నమ్మలు చప్పట్లు కొట్టారు. ఏడుపు ఇంకా హెచ్చింది. అమ్నూన్‌కి ముందు, వరసలో ఆఖరున, మర్యాద కోసం డాక్టర్ని నిలబెట్టారు. బిడ్డ ఆయన చేతుల్లోకి వచ్చాడు. చేతులు వణికాయి. ఆ వణుకుకి బిడ్డ చిన్నగా ఊగాడు, ఊగి ఊగి నోరు మూసి, వింతగా పైకి చూశాడు.

అమ్నూన్ అందుకున్నాడు. బిడ్డ కెవ్వుమన్నాడు. మళ్లీ డాక్టరుకి ఇచ్చారు. ఊరుకున్నాడు.

సున్తీ చేసే మా మతగురువు ముల్లో యొహై కత్తి పక్కన పెట్టాడు. "అమ్నూన్, లేవయ్యా కుర్చీలోంచి."

"ఆ చేతులు చూశారా ముల్లో?" తలుపు చాటునుంచి బులోర్ అరిచింది.

"చేతులతో నాకేం పనమ్మా? నాకు కావలసింది ఒడి. ఒడి వణుకుతోందా?"

అమ్నూన్ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత నవ్వేశాడు. "చిన్నప్పుడు నన్ను ఎన్ని సూదులు పొడిచారు దోఖ్తూర్! అయినా పోనివ్వండి, కూర్చోండి. వీడి కాళ్లు కదలకుండా నేను పడతా."

ఇద్దరూ మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. గుడ్డ విప్పీ విప్పగానే బిడ్డ ముత్తాత పెళ్లినాటి జోమా అనే పొడుగు జరీ అంగీ మీద ధారగా పోసేశాడు. ఇల్లంతా ఘొల్లుమంది. డాక్టరు అందరికంటే గట్టిగా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. అంతలోనే ముల్లో తన పని ముగించాడు.

"విప్పు ఆ జోమా! అంత ఖరీదైన బట్ట!" బులోర్ వచ్చి మీద పడింది.

"ఉండనీవే."

"విప్పమంటే!"

విప్పి, ఒడి భాగం మాత్రం కుళాయి కింద పెట్టి పిండి దండెం మీద వేసింది. డాక్టరు లోచొక్కాతోనే అందరూ విస్తుపోయేంత తిన్నాడు. అమ్నూన్ పిలావు ముద్ద కట్టి నోట్లో పెడితే, వద్దంటూనే ఇంకో ముద్దకి నోరు తెరిచాడు. పాటలు మొదలయ్యాయి.

"బులోర్, కాస్త నడుం వాలుస్తా. టీ తర్వాత ఇద్దువుగాని" అని చెక్కమంచం మీద పక్కకి ఒత్తిగిలాడు.

పాటలు ఆగాక ఆమె టీ తీసుకుని వచ్చింది. పక్కన కూర్చుని, అలవాటుగా ఆయన చేయి తన చేతిలోకి తీసుకుంది. చేయి వణకడం లేదు. చల్లబడిన ఆ వేళ్లను ఆమె తన ఒడిలో పెట్టుకుంది. గుండె పగిలినట్టే ఉంది, అయినా ఆయన ముఖంలో ఆ నవ్వు చూస్తే ఏడుపు వెంటనే రాలేదు. లోపల జులై బిడ్డకి పాలిస్తోంది. ఇంకొంచెం సేపు ఎవరినీ పిలవకూడదనుకుంది.

ఎదురుగా దండెం మీద జరీ జోమా చేతులు చాచి వేలాడుతూ ఉంది. ఒడి దగ్గర ఇంకా తడి ఆరలేదు.