సెన్సారైన పాట

ఓ అమ్మాయి రికార్డింగులో బడి పేరు వినిపించిన చోట కృపావతి ఆ ముక్క కత్తిరించింది. తర్వాత టీచరు పేరు తీసేసింది. అమ్మాయి గొంతును కాస్త బొంగురుగా మార్చింది. నెరిసిన జుట్టును బిగించి ముడేసుకుని, కంప్యూటరుకు ముఖం దగ్గరగా పెట్టి, పెదవులు కదుపుతూ మళ్ళీ మొదటినుంచి వింది.

“బాత్రూంకి తాలా వేసేస్తారు దీదీ. చాబీ టీచర్ల దగ్గరుంటది. అందుకే పొద్దున్నించి నీళ్ళే తాగం. మా ఫ్రెండు ప్రేయర్లో చక్కరొచ్చి, కళ్ళు తిరిగి పడిపోయింది.”

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ట్రస్టు నడిపే చిన్న రేడియో అది. ప్రతి శనివారం సాయంత్రం టీనేజి పిల్లల కోసం వచ్చే తెలుగు కార్యక్రమం కృపావతిదే. పెళ్ళికి ముందు క్యాజువల్‌గా చేరింది. పెళ్ళయింది, ఓడలో పనిచేసే భర్త సుందర్‌రాజ్ రిటైరయ్యాడు, పోయాడు కూడా. ఆమె మాత్రం ఇంకా క్యాజువలే. పిలిస్తే రావాలి, లేకపోతే డాలీగంజ్‌లో ఇంట్లో కూర్చోవాలి. అయినా నియమాల విషయంలో ఎవరిచేతా మాట పడలేదు. మైనరు పిల్లల పేర్లు చెప్పకూడదు, తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి, ఎవరినీ పేరుపెట్టి నిందించకూడదు. ఈసారి కూడా గరాచర్మ వెళ్ళి, మాట్లాడిన ఆ అమ్మాయి ఎవాంజలిన్ వాళ్ళమ్మ ఒప్పుకోలు తీసుకుంది. వాళ్ళ మాట కూడా వినిపిద్దామని బడికి ఫోన్ చేసింది. హెడ్‌మాస్టరు పెట్టేశాడు.

స్టేషన్ మేనేజరు యుగంధర్ నిలబడే విన్నాడు.

“ఇది వద్దండీ. లైసెన్సు పోతే ఎవరిది జిమ్మేదారీ?”

“ఎవరి పేరుంది సార్ ఇందులో? ఏ రూల్ తప్పేను?”

“రూల్ గురించి కాదండీ. పిల్లల ప్రోగ్రాం ఖుషీగా ఉండాలి. ఈ సినిమా పాట వేసేయండి.”

అతనిచ్చిన చీటీలో పాట పేరు చూడగానే కృపావతి చెవులు వేడెక్కాయి. “ఇందులో ఆడపిల్ల నడుం గురించి ఏం రాశాడో మీరు విన్నారా సార్? అది పిల్లలకి పర్వాలేదా?”

“అది సెన్సారైన పాటండీ,” అన్నాడు యుగంధర్, ఏమాత్రం సిగ్గు లేకుండా.

పిల్లల్ని కాపాడటానికే ఈ నియమాలని ఆమె ఇన్నేళ్ళూ నమ్మింది. నమ్మి, ఎంతమంది పిల్లల మాటలు తన చేత్తోనే కోసిందో!

కార్యక్రమం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఆమె మైకుకు దగ్గరగా జరిగింది.

“పిల్లలూ, స్కూల్లో నీళ్ళు తాగండి. దాహమేసినా తాగలేకపోతున్నారంటే, ఎందుకో ఈరోజే ఇంట్లో చెప్పండి. అమ్మలూ, మీరూ అడగండి.”

పాట వెయ్యలేదు. అదే మాట హిందీలోనూ చెప్పింది. గాజు అవతల యుగంధర్ రెండు చేతులూ ఊపుతున్నాడు. ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరినీ నిందించకుండా, ఎండలో ఒంటికి నీళ్ళు ఎంత అవసరమో కార్యక్రమం చివరిదాకా చెబుతూనే ఉంది.

బయటికి రాగానే అతను, “ఇకనుంచి మీరు రావక్కర్లేదు,” అన్నాడు. క్యాజువల్ మనిషిని పంపెయ్యడానికి ఆ ఒక్క మాట చాలు.

“అలాగే,” అని ఆమె మెట్లు దిగింది.

బస్సులో ఉండగా ఎవాంజలిన్ ఫోన్ చేసింది. “దీదీ, నా మాట రాలేదేం?”

“రానివ్వలేదమ్మా,” అంది కృపావతి.

“మీ మాట విన్నాం కదా! పక్కింటి చిన్నమ్మి ఆంటీ వాళ్ళ పాపని అడిగింది, అదీ తాలా సంగతి చెప్పేసింది. సోమవారం మా మమ్మీ, ఆంటీ, ఇంకా అందరూ కలిసి స్కూలుకెళ్తారంట.”

“వెళ్ళమను. తాలా తీసేదాకా అక్కణ్ణించి కదలొద్దని చెప్పు,” అంది కృపావతి. పక్క సీటామె తిరిగి చూసేంత గట్టిగా అంది.

అక్కడ స్టూడియోలో ఎవరో దీపాలార్పారు. ఏసీ చలికని కృపావతి అల్లుకున్న ఎర్ర స్వెటరు, మోచేతుల దగ్గర దారాలు లేచి, కుర్చీకే వేలాడుతోంది. ఏడాదంతా ఉక్కపోసే ఆ ఊళ్ళో ఆ గదిలో తప్ప ఇంకెక్కడా దానితో పనిలేదు.