ఇవాళ కిటికీ ఎటుంది?

రండి, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా కాస్త ముందుకు రండి, నా గొంతు అంత దూరం పోదు. చేతుల్లో ఫోన్లుంటే ఒళ్ళో బోర్లా పెట్టుకోండి. పైవాడికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడతాను. మాట ఆయనది, నేను నోరు తెరుస్తాను, అంతే.

ఒక పిన్ని ఉండేది. పొద్దున్న లేచి, మొహం కడుక్కోకముందే కిటికీ ఎటుందో చూసుకునేది. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే కిటికీ, నీలం రంగు రెక్కలు, కింద మూల కొంచెం పెచ్చులూడి ఉండేది. ఒకరోజు ముందుగదిలో ఉండేది, మర్నాడు వంటింట్లో పొయ్యి పైన తేలేది. లోపలి గోడకి వచ్చినా సరే, అందులోంచి వీధే కనబడేది. పిన్ని అన్ని గోడలకీ కర్టెన్ కడ్డీలు కొట్టించుకుంది. కింద కూరగాయలాయన బండి ఆపి, "అమ్మా, ఇవాళ కిటికీ ఎటుంది?" అని కేకేసేవాడు. తాడు కట్టిన బుట్ట ఏ వైపు దిగుతుందో ఆ వైపు బండి తిప్పుకోవాలి కదా మరి.

ఆ పిన్ని అక్క కూతురు ఒకతె కాలేజీలో వీడియోలు తీయడం నేర్చుకునేది. ప్రతిదానికీ "ఇంకోసారి" అంటుందని స్నేహితులు ఆమెకి రీటేకు అని పేరు పెట్టారు. పిలిచి పిలిచి అదే ఖాయమైపోయింది.

ఆఖరి పరీక్ష కింద ఒక పాటకి వీడియో తీయాలి. దానికి ఆల్బమ్ అట్ట, గోడకి అంటించే పోస్టరు కూడా చెయ్యాలి. "మూడూ ఒక తల్లి పిల్లల్లా ఉండాలి" అన్నారు మాస్టారు. "మొహం అదే, వెలుగు అదే, రంగు అదే. ఒక ముక్కలో ఎడమ చెంప మీద వెలుగుంటే తర్వాతి ముక్కలోనూ అక్కడే ఉండాలి. కిందటిసారి నీది అక్కడే పోయింది, గుర్తుంది కదా."

గుర్తులేకపోవడమా. కిందటిసారి తిరిగొచ్చిన వీడియోని పట్టుకుని ఇంటికెళితే వాళ్ళ నాన్న ఒక్కటే మాట అన్నాడు. "ఇంకో ఏడాది చూస్తాను. ఈసారీ పోతే అకౌంట్స్‌లో చేరతావు. నేను అరవను, తిట్టను. చేరతావు, అంతే." అరిచి ఉంటే తిరిగి అరిచేది. ఆయన అరవలేదు. అందుకే ఆ మాట రీటేకు గొంతులో ముల్లులా దిగిపోయింది.

పాట తనే రాసుకుంది. కిటికీతో మాట్లాడే పాట.

*కిటికీ, నీకొక్కదానికే చెబుతున్నా,*
*తలుపు దాకా రాలేనిదాన్ని...*

పాడిందీ తనే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ముందుపళ్ళు రెండూ పెదవి దాటి బయటికొస్తాయని చిన్నప్పటినుంచీ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్ల. పాట పాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోలేం కదా. అందుకని, "మా దూరపు చుట్టం ఒకావిడ పాడి పంపింది" అని అబద్ధమాడి, కెమెరా ముందు పెదవులాడించడానికి క్లాసులో అందగత్తెని తెచ్చుకుంది. అందరూ ఆ పిల్లని బొమ్మ అంటారు. మూడోవాడు పోస్టర్లు చేసేవాడు, ఫాంటు. అక్షరాల ఆకారం గురించి తప్ప లోకంలో ఇంకో విషయం మీద నోరు విప్పడు కాబట్టి ఆ పేరు.

షూటింగ్ పిన్నిగారింట్లో పెట్టుకున్నారు. మొదటిరోజు దేవుడు మేలు చేశాడు. కిటికీ ముందుగదిలో, సరిగ్గా కావలసిన గోడకే ఉంది. బొమ్మని స్టూలు మీద కూర్చోబెట్టారు. స్పీకర్లో పాట మొదలైంది. బొమ్మకి మాటలు గుర్తుండవు, రెండో లైను దగ్గరే తడబడింది. రీటేకు కెమెరా వెనక నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముక్కుతో సన్నగా పాట అందించడం మొదలుపెట్టింది. ఆ సాయంతో బొమ్మ మొదటి చరణం గట్టెక్కింది. టీ తాగొచ్చి రెండో చరణం పెడదామని చూస్తే బొమ్మ పక్కన ఉత్త గోడ ఉంది. కిటికీ కెమెరా వెనక్కి వచ్చేసింది.

"సరేలే, అలవాటేగా" అంది రీటేకు. ముగ్గురూ కలిసి స్టూలు ఇటు జరిపి, కెమెరా అటు పట్టుకెళ్ళి, వైర్లన్నీ విప్పి మళ్ళీ చుట్టారు. మళ్ళీ పాట, మళ్ళీ తడబాటు, మళ్ళీ ముక్కుతో అందించడం. ఇంకోసారి చూసుకునేసరికి కిటికీ మళ్ళీ రీటేకు వెనకే ఉంది.

అలా గదంతా గిరగిరా తిరిగారు. కెమెరా ఎటు పెడితే కిటికీ దాని వెనక్కే వచ్చేది. బొమ్మ వెనక తెల్లగోడ. పైగా కిటికీ వెలుగు రీటేకు వీపు మీద పడి, ఆమె తల నీడ పోయి బొమ్మ మొహం మీద కూర్చునేది.

"నీ నీడ పక్కకి తీయవే బాబూ" అంది బొమ్మ.

"పక్కకి జరిగితే నీకు మాటలెవరు అందిస్తారు?"

"పోనీ వంగు."

వంగి అందించింది. నడుం పట్టేసింది. నీడ మాత్రం వంగి కూడా అక్కడే ఉంది.

ఇంకో కిటికీ చూసుకోవచ్చు కదా అని మీరనుకుంటున్నారు. చూసుకున్నారు. కాలేజీ కిటికీలకి ఇనుప జాలీ, దాని వెనక జనరేటరు చప్పుడు. హాస్టల్లో వార్డెను, "కిటికీలు గాలి కోసం, పాటల కోసం కాదు" అంది. బొమ్మ వాళ్ళింట్లో ఆమె తమ్ముళ్ళు ప్రతి ఫ్రేములోనూ తొంగిచూశారు. తిరిగి తిరిగి పిన్నిగారింటికే వచ్చారు. రోజూ కిటికీ ఒక కొత్తచోట ఎదురయ్యేది, షూటింగ్ మొదలవగానే బుద్ధిగా వచ్చి రీటేకు వెనక నిలబడేది. రీటేకుకి ఒళ్ళు మండిపోయేది. ఒకసారి దాని రెక్కల్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇక్కడే ఉండు. నీకు దండం పెడతాను, ఇక్కడే ఉండు" అంది. పిన్ని అటుగా పోతూ, "గట్టిగా పట్టుకోకు, పెచ్చులూడతాయి" అని మాత్రం అంది.

వీడియో ఇచ్చేయాల్సిన రోజుకి ముందురోజు ఫాంటు పోస్టరు తెచ్చాడు. నేల మీద పరిచాడు. ముగ్గురూ చుట్టూ నిలబడి చూశారు.

"ఇది పాట పోస్టరా, తప్పిపోయినవాళ్ళ ప్రకటనా?" అంది బొమ్మ.

తెల్లగోడ ముందు బొమ్మ మొహం, దాని మీద సగం దాకా నల్లటి నీడ. పైన పాట పేరు. పాట పేరులో కిటికీ ఉంది, ఫొటోలో లేదు.

"ఫొటో అలా ఇస్తే నేనేం చెయ్యను? అక్షరాలు చూడండి ముందు. ఆ 'కి'కి గుడి ఎంత బాగా కుదిరిందో" అన్నాడు ఫాంటు. "సరే, ఇక్కడ 'గానం' అని రాసి పక్కన ఖాళీ వదిలాను. ఎన్నిసార్లడిగినా పేరు చెప్పవు. దూరపు చుట్టం అని అచ్చెయ్యనా?"

"వెయ్యి."

"ఎంత దూరమో కూడా వెయ్యనా?"

రీటేకు పోస్టరుని చుట్టి అవతల పడేసి, కెమెరా వెనక్కి పోయి నిలబడింది. "నువ్వు అక్షరాలు చూసుకుంటూ కూర్చో. బొమ్మా, నువ్వేమో నాలుగు లైన్లు నోటికి పట్టించుకోలేవు. రేపు తిరిగొస్తే మీకేం పోతుంది? మీరు మళ్ళీ తీసుకుంటారు. నేను అంకెలు కూడుకుంటూ కూర్చోవాలి బతుకంతా."

"నాలుగు లైన్లు నోటికి రాకపోతే నన్నెందుకు తెచ్చావు?" అంటూ బొమ్మ పోయి తన స్టూలు మీద కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మ ఈ పోస్టరు కోసం గోడ మీద చోటు కూడా చూసిపెట్టుకుంది. దీన్నా తీసుకెళ్ళేది?"

ఈ గొడవంతా విని పిన్ని వంటింట్లోంచి వచ్చింది, తడిచేతులు తుడుచుకుంటూ. కెమెరా వెనక గోడ వైపు చూసి, మామూలుగా అంది.

"కిటికీ అక్కడుంటే అంత కోపమెందుకే? అది పాడేవాళ్ళ దగ్గరికేగా పోయేది."

"ఏంటి పిన్నీ?"

"అదేంటి, నీకు తెలీదా? మీ బాబాయి బాత్రూములో పాడడం ఎందుకు మానేశాడనుకున్నావు?"

ఫాంటు తల తిప్పి స్పీకరు వైపు చూశాడు. కిటికీ స్పీకరు దగ్గర లేదు. ఎన్ని రోజులు మోగినా దాని దగ్గరికి ఒక్కసారీ పోలేదు. బొమ్మ దగ్గర లేదు, బొమ్మ ఒట్టి పెదవులే ఆడించింది. ఇద్దరూ నెమ్మదిగా రీటేకు వైపు తిరిగారు.

"దూరపు చుట్టం" అన్నాడు ఫాంటు.

రీటేకు చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్ళింది.

ఇక్కడ ఒక్కసారి బాగా వినండి. బొమ్మకి అప్పటికి ఎన్ని దారులున్నాయో చూడండి. అబద్ధం చెప్పి తెచ్చావని కడిగెయ్యొచ్చు. సంచి తగిలించుకుని వెళ్ళిపోవచ్చు. అవేవీ కాకపోతే స్టూలు మీద అలాగే కూర్చుని, ఎలాగోలా కానిచ్చి తన మొహాన్ని పోస్టరు మీద ఉంచుకోవచ్చు. ఆ మొహం కోసం వాళ్ళమ్మ గోడ మీద చోటు చూసిపెట్టింది మరి. బొమ్మ కళ్ళు తుడుచుకుంది. స్టూలు మీంచి లేచింది. కెమెరా వెనక్కి నడిచి, రీటేకు భుజాలు పట్టుకుని స్టూలు దాకా నెట్టుకెళ్ళి కూర్చోబెట్టింది. వెనక్కొచ్చి కెమెరాని ఆమె వైపు సర్దుకుంది.

"వద్దే. నేను బాగుండను."

"నేను చాలా బాగుంటాను. ఇన్ని రోజులు తీశావుగా, ఏమొచ్చింది?"

"పళ్ళు కనబడతాయి."

"పాట కూడా వినబడుతుంది. చెయ్యి తియ్యి."

"మరి నీ పోస్టరు? మీ అమ్మ..."

"మా అమ్మతో నేను మాట్లాడుకుంటాను. కెమెరా నేనే పట్టానని చెబుతాను. కదలకు, ఫోకస్ పోతోంది."

ఫాంటు స్పీకరు ఆపేశాడు. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. రీటేకు చాలాసేపు ఒళ్ళో చేతులవైపే చూసుకుంది. పాడేసరికి మొదటి మాట వణికింది, రెండోది దారిలో పడింది. మూడో లైనుకి కెమెరా వెనక గోడ ఖాళీ అయిపోయింది, కిటికీ వచ్చి ఆమె ఎడమ భుజం పక్కన ఆగింది. వీధి వెలుగు ఆమె చెంప మీద పడింది, పళ్ళ మీద కూడా పడింది. పాట అయిపోయింది. బొమ్మే అంది, "ఇంకోసారి."

ఎన్నిసార్లు పాడించినా కిటికీ అంగుళం కూడా కదల్లేదు.

మర్నాడు మాస్టారు వీడియో చూశారు, అట్ట చూశారు, పోస్టరు గోడకి పెట్టించి దూరంగా నిలబడి చూశారు. పోస్టరు మీద రీటేకు నోరు తెరిచి పాడుతూ ఉంది, పక్కన నీలం రెక్కలు. గానం ఎదురుగా ఆమె అసలు పేరు, పెద్ద అక్షరాల్లో. కెమెరా ఎదురుగా బొమ్మ పేరు.

"వెలుగు ఎక్కడా మారలేదే. ఏ లైటు వాడారు?" అన్నారాయన.

"కిటికీ, మాస్టారూ" అన్నాడు ఫాంటు.

"మంచి పని. లైట్లని నమ్ముకోకూడదు" అని మార్కులు వేశారు.

అకౌంట్స్ క్లాసులో ఆ పిల్ల కోసం ఎదురుచూసిన కుర్చీలో తర్వాత ఇంకెవరో కూర్చున్నారు. వాళ్ళ నాన్న పోస్టరు ముందు నిలబడి, "పళ్ళు మా అమ్మవే" అని మాత్రం అన్నాడట. ఆ తర్వాత ఆమె ఊరి మధ్య హాల్లో పాడడం మొదలుపెట్టింది, పేరు చెప్పుకునే. అలాంటి సాయంత్రాల్లో పిన్నిగారింట్లో ఏ గోడకీ కిటికీ ఉండేది కాదు. "పాటకెళ్ళినట్టుంది" అనేది పిన్ని, లైటు వేసుకునేది.

ఇదీ కథ. ఇంటికెళ్ళేసరికి ఇదంతా మర్చిపోయినా నాకేం బాధ లేదు. స్టూలు మీంచి ఆ బొమ్మ లేచిందే, ఆ లేవడం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తనకి ఎంతో కావలసిన చోటది. మీ ఇంట్లోనో, మీరు పని చేసే చోటో, ఒకరు వెనకాల నిలబడి ముక్కుతో పాట అందిస్తూ ఉంటారు. ఎవరో మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. పైవాడు మనకి కూర్చోవడానికి చోటిచ్చాడు, సంతోషం. రేపు ఒక్కసారి లేచి, వాళ్ళని కూర్చోబెట్టండి.