అమావాస్యనాడు రాని బండి

"ఒక్క లైను రాయండి చాలు జయశ్రీగారూ. పొరపాటు నా వల్ల జరిగింది, క్షమించండి అని అందరికీ మెయిల్ పెట్టేయండి. విషయం అక్కడితో అయిపోతుంది," అన్నాడు ఫోనులో నిరంజన్.

అతను హైదరాబాద్‌లో ఒక విత్తన కంపెనీ మేనేజరు. జయశ్రీ వనపర్తిలో ఇంటి నుంచే ఆ కంపెనీ మెయిల్ క్యాలెండర్లు చూసుకుంటుంది. ఎవరి తనిఖీ ఏ రోజు, ఏ బండి ఎటు వెళ్లాలి అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి.

"నేను చెయ్యంది నేనెట్ల రాస్త సార్?" అని ఫోను పెట్టేసింది.

వీపనగండ్లలో హన్మమ్మ అనే రైతు ఆ కంపెనీకి విత్తనం కోసం వేరుశనగ వేసింది. ఆ చేను చూడటానికి తనిఖీ అధికారి సరిగ్గా అమావాస్యనాడు వెళ్లాడు. ఆ ఊళ్లో అమావాస్యకు చేనులో ఎవరూ పని పెట్టుకోరు. చెట్లు పీకి చూపించేవాళ్లు లేక అతను ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఇంకొక్కసారి తనిఖీ తప్పితే కంపెనీ ఆ పంటను విత్తనంగా తీసుకోదు. రెండో తనిఖీ కూడా వచ్చే అమావాస్యకే పడి ఉంది.

కంపెనీ క్యాలెండర్‌లో అమావాస్య సెలవు లేక కాదు. ఎవరో దాన్ని ముప్పై రోజులకొకసారి వచ్చేలా పెట్టారు. అమావాస్య మాత్రం ముప్పై నిండకముందే వస్తుంది. నెలనెలా కాస్త కాస్త వెనకబడి, ఇప్పుడా సెలవు అసలు రోజు దాటి ఎక్కడో పడుతోంది.

"మీ కంపెనీల ఎవ్వరింట్ల గోడకు క్యాలెండర్ లేదా ఏంది?" అంది అత్త, చాటలో బియ్యం చెరుగుతూ.

"ఉంటది అత్తమ్మా. చూసుడే లేదు."

జయశ్రీ ల్యాప్‌టాప్‌లో నల్ల తెర తెరిచింది. ఒక్కొక్కరి క్యాలెండర్ తెరిచి మార్చే బదులు, అక్కడ ఒక్క ఆదేశం టైప్ చేస్తే అందరికీ మారిపోతుంది. తప్పు సెలవును తీసేయమంది. అనుమతి లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయింది. అవే అక్షరాలు. తన పేరున ఉత్తుత్తి సమావేశం ఒకటి పెట్టి తీసి చూసింది. పోయింది. అంటే ఆదేశంలో లోపం లేదు. ఆ సెలవు ఎవరిదో చెప్పమని అడిగింది. తెర మీద నిరంజన్ పేరు వచ్చింది. తనిఖీ కూడా అతని పేరు మీదే ఉంది.

మళ్లీ ఫోను చేసింది. "ఆ సెలవు మీ ఖాతాల నుంచి పెట్టింది సార్. అనుమతి ఇయ్యండి, ఇప్పుడే సరిచేస్త. తనిఖీ గూడ ఒక దినం జరుపుత."

"ముందు మెయిల్ పెట్టండి, ఇస్తాను."

"అమావాస్య నా మెయిల్ కోసం ఆగదు సార్."

"మీ ఇష్టం. అప్పటిదాకా తేదీ మారదు."

ఒక్క లైను రాస్తే హన్మమ్మ చేను గట్టెక్కుతుంది. కానీ ఆ లైను కింద తన పేరు ఉంటుంది. రేపు ఏ తేదీ తప్పినా ఆ పేరే వెతుక్కుంటారు. జయశ్రీ తనకు ఏ క్యాలెండర్ల మీద హక్కు ఉందో చూసుకుంది. కంపెనీలో బండ్లకూ క్యాలెండర్లున్నాయి. బండి ఒప్పుకోనిదే ఏ తనిఖీ ఖాయం కాదు. వీపనగండ్ల వైపు తిరిగే అద్దె జీపు క్యాలెండర్ ఆమె చేతిలోనే ఉంది.

డ్రైవరుకు ఫోను కలిపింది. "అమావాస్యకు బండి తీస్తవా యేసుబాబూ?"

"చర్చికి పోయేటోన్ని, నాకేం అమావాస్య అక్కా? నా బండికి ఉంది," అని నవ్వాడు. "ఓనరు ఆ దినం నిమ్మకాయ గట్టి నిలబెడ్తడు. పోయిన్సారి కంపెనోళ్లు పరేషాన్ జేస్తే తీసిన. జర ఆపు, నీకు పుణ్యముంటది."

"నాకు పుణ్యం, నీకు సెలవు."

"గట్ల ఇద్దరం బాగుపడ్తం గదక్కా!"

ఆమె జీపు తరఫున తనిఖీని తిరస్కరించింది. ఆ రోజంతా మూసేసింది. కారణం దగ్గర "అమావాస్య. బండి రాదు. మూసినది జయశ్రీ" అని రాసింది. మీట నొక్కింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు.

కాసేపటికే నిరంజన్ ఫోను. "బండి ఎందుకు రానంటోంది? ఎవరు మూశారు?"

"నేనే సార్. పేరు గూడ రాసిన."

"మీ అనుమతులన్నీ తీసేయిస్తాను, తెలుసా?"

"తీసేపియ్యండి. తప్పు నాదని రాయమన్నరు, రాయలే. ఇది నేను చేసిందే గనక, ఇది నేనే చేసిన్నని అందరికి మెయిల్ రాస్త. ఎందుకు మూయాల్సొచ్చిందో గూడ రాస్త. బండి మాత్రం ఆ మర్నాడు ఖాళీగున్నది."

ఫోను కట్టయింది.

అత్త చాట పక్కన పెట్టింది. "కొలువు పాయెనా?"

"తెల్వదు అత్తమ్మా."

జయశ్రీ మెయిల్ రాయడం మొదలుపెట్టింది. క్షమించండి అన్న మాట ఎక్కడా రాయలేదు. పంపబోతుంటే తెర మూలన చిన్న గుర్తు వెలిగింది. వీపనగండ్ల తనిఖీ, అమావాస్య మర్నాడు. పిలిచింది నిరంజన్. వెంట ఒక్క మాటా రాయలేదు.

జీపు తరఫున ఒప్పుకుంది. తర్వాత మెయిల్ కూడా పంపేసింది.