నందివర్ధనం పూలు పెట్టిన చెయ్యి

పర్చూరు పక్కన మా ఊళ్ళో ఎవరికి కళ్ళు లాగినా మా ఇంటికే వచ్చేవాళ్ళు. నాది పెద్ద వైద్యమేమీ కాదు. గంటలకొద్దీ పుస్తకమో కుట్టుపనో పట్టుకుని రెప్ప వేయకుండా కూర్చుంటే ఏ కళ్ళయినా అలుస్తాయి. మధ్యమధ్య తలెత్తి దూరంగా చేను చివరికి చూడమనేదాన్ని. వెలుతురు వెనకనుంచి పడేటట్టు కూర్చోమనేదాన్ని. చన్నీళ్ళతో మొహం కడుక్కుని, మూసిన రెప్పల మీద తడిపిన నందివర్ధనం పూలు పెట్టుకుని పావుగంట పడుకోమనేదాన్ని. వెంకటేశ్వరమ్మది చల్లని చెయ్యి అని పేరొచ్చింది. వినీ వినీ నా కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ ఏడు మా కోడలు శ్రీరమ్య టీచరు ఉద్యోగానికి డీఎస్సీ రాస్తోంది. అంతకుముందు ఒకసారి రాసి మార్కున్నర తేడాతో పోగొట్టుకుంది. మళ్ళీ ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. అందుకని తిండి కూడా పుస్తకం ముందే తినేది. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి, కణతలు పట్టుకుని కూర్చునేది. నేను చెప్పినట్టు చేస్తే నెమ్మదించేది. అంతవరకూ నా వైద్యంలో తప్పేమీ లేదు.

తెల్లవారితే ఒంగోలులో పరీక్ష. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తడిస్తే ఏడాది కష్టం నీళ్ళపాలు. అందరం పరుగులు పెట్టి కుప్పలు చేసి పట్టలు కప్పాం. అప్పటిదాకా నేను రంగు మాసిన తాలుకాయలు ఏరుతూనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి శ్రీరమ్య కళ్ళు తెరవలేకపోతున్నానంది. జానీబీని పూలు కోసుకురమ్మన్నాను. పదేళ్ళుగా మాకు తొడిమలు తీయడానికి వచ్చే మనిషి. ఆ రోజు కల్లానికి రాలేదు, మా ఇంట్లో బియ్యం బాగుచేస్తోంది. పూలు ఆకులో పెట్టి తెచ్చి, నా చేతులకేసి చూసింది.

"పెద్దమ్మా, చేతులకి నూనె రాసుకుని సబ్బుతో కడుక్కోండి. ఒట్టి నీళ్ళకి ఘాటు పోదు" అంది.

మిరప తోటల్లో ఒళ్ళు వంచే ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే. నాకు తెలియదా? నలభై ఏళ్ళ మిరపకాయలతో నా చేతులు మొద్దుబారిపోయాయి, వాటికి మంట తెలియదు. నాకే మండకపోతే ఇంకెవరికి మండుతుందిలే అనుకున్నాను. పైగా కూలికొచ్చిన మనిషి నాకు నేర్పడమేమిటని ఒళ్ళు మండింది. నీళ్ళలో చేతులు ముంచి తీసి, పూలు తడిపి, పిల్ల రెప్పల మీద పెట్టి, కారిన తడి కంటి మూలల్లో నా వేళ్ళతోనే తుడిచాను.

ఆ పిల్ల పడిన బాధ నేను చెప్పలేను. మంచినీళ్ళతో కడుగుతూనే ఉన్నాం. ఊళ్ళో డాక్టరు వచ్చి ఇంకా కడగమని చెప్పి, చుక్కల మందు ఇచ్చాడు. ఈలోగా మా అబ్బాయి చైతన్యకృష్ణ చేను నుంచి వచ్చాడు. ఉబ్బిపోయిన భార్య కళ్ళు చూసి, ఈ పని ఎవరు చేశారని అరిచాడు.

"పూలు జానీబీ కోసుకొచ్చింది" అన్నాను.

అంతే అన్నాను. అందులో అబద్ధమేముందని ఆ తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. వాడు జానీబీని రేపటినుంచి రావద్దన్నాడు. ఆమె నావైపు చూసింది. నేను గిన్నెలో నీళ్ళవైపు చూశాను. ఆమె క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు శ్రీరమ్య ఒక కన్ను సగమే తెరిచి పరీక్ష రాసొచ్చింది. ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఉద్యోగం వచ్చింది. దానివల్ల నా తప్పేమీ తగ్గలేదు.

కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేం. మాట ఊరంతా పాకింది. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు జానీబీని పనికి పిలవడం మానేశారు. చీమకుర్తి క్వారీల్లో రాళ్ళ పనికి పోతుందట అని కల్లంలో ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. నా పక్కన ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడ కూర్చోలేదు.

పదకొండో రోజు సిగ్గు విడిచి కోడలికి చెప్పాను, ఆ కారం నా చేతిదేనని.

"నాకు తెలుసు అత్తయ్యా. పూలు పెట్టినచోట కాదు, మీ వేళ్ళు తగిలినచోట మండింది" అంది. మరి మొగుడికి ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరే చెప్తారని చూస్తున్నా."

పదకొండు రోజులు నాకు అన్నం వడ్డిస్తూ చూస్తోందన్నమాట. భూమిలోకి కుంగిపోయినట్టయింది. ముందు కొడుక్కి చెప్పాను. వాడు తిట్టినా బాగుండేది, లేచి చేనుకి వెళ్ళిపోయాడు. అటునుంచి అటే జానీబీ ఇంటికి వెళ్ళాను. ఇంటి ముందు వీధి కుళాయి దగ్గర జానీబీతో పాటు నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరూ వినేటట్టే చెప్పాను. తప్పు నాది, కడుక్కోమని జానీబీ చెప్పినా వినలేదు, నింద ఆమె మీద పడుతుంటే నోరు మూసుకున్నాను, మళ్ళీ మా కల్లానికి రమ్మని అడగడానికి వచ్చాను అని.

జానీబీ బిందె దించి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"కల్లం సంగతి తర్వాత, పెద్దమ్మా. ముందు ఈ మాట మా ఆయనతో చెప్పండి" అంది. "పదకొండు రోజులైంది, చంటిదాని మొహం నన్ను కడగనివ్వట్లా."

ఆమె మొగుడు రంజాన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, భుజాన పిల్ల. కుళాయి దగ్గర చెప్పినదంతా అతనికి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. అతను అంతా విని, మెట్టు దిగి నన్ను దాటుకుని వెళ్ళి, పిల్లని జానీబీ చేతుల్లో పెట్టాడు.

ఆమె అక్కడే కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి పిల్ల మొహం కడిగింది. కళ్ళు కూడా కడిగింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే ఉన్నాను.