పథ్యం కూడు

గుత్తివంకాయ కూర దించుతుంటే వెనకనుంచి మా అత్త, ‘‘ఉప్పు నువ్వు చూడబాక, నీ నోరు చెడిపోయుండాది,’’ అంది. నిజమే, కీమో మొదలైనప్పటినుంచి ఏది నాలుక మీద పెట్టినా ఇనుప రుచే. వండే చేతులకు మాత్రం ఏ రోగమూ లేదని ఆవిడ నమ్మకం.

అండాశయంలో మొదలైన క్యాన్సర్ నాకు కాలేయం దాకా పాకింది. నెల్లూరు డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. ‘‘పూర్తిగా నయం కాదమ్మా. ఒంట్లో సత్తువుంటే మందు తట్టుకుంటావు, ఉన్నన్నాళ్లు నీ కాళ్లమీద తిరుగుతావు. పప్పు, పెరుగు, గుడ్డు బాగా తిను. రోజూ కాసేపు నడువు. బరువు ఇంకా తగ్గితే కీమో ఆపాల్సొస్తుంది.’’ మా ఆయన పక్కనే కూర్చుని బుద్ధిగా తలూపాడు. కారెక్కాక మాట మారింది. ‘‘పొద్దస్తమానం ఇంట్లో తిరగతానే ఉండావు, మళ్లీ నడకేంది వసంతా? బజార్లో నిన్నట్టా చూస్తే మన కొట్టుకు వచ్చేవాళ్లంతా అడగతారు. నేనేం చెప్పుకునేది?’’

మేం వైశ్యులం. గుడ్డు మాట ఎత్తగానే మా అత్త, ‘‘శివశివా, మన ఇండ్లల్లోనా!’’ అని చెవులు మూసుకుంది. సరుకు వేయడానికి మర్రిపాడు వెళ్లొచ్చిన రోజు మా ఆయన చొక్కాకు ఆమ్లెట్ వాసన ఎట్లా అంటుకుంటుందో, ఆ చొక్కా ఉతికే నన్ను ఎవరూ అడగలేదు.

పోనీ పప్పు తిందామంటే పథ్యం. జబ్బు మనిషికి మిరియాల చారు, నాలుగు మెతుకులు, అంతే. ‘‘పప్పు వాతం, పెరుగు కఫం. నీ మంచికే గదమ్మే,’’ అంటుంది మా అత్త. ప్రేమగానే అంటుంది, అదే నా ఖర్మ. ఆత్మకూరులో మాది హోల్‌సేల్ కొట్టు. చుట్టుపక్కల ఊళ్లన్నీ మా కందిపప్పే తింటాయి. నా కంచంలోకి మాత్రం అది రాదు. ఆ చారన్నమైనా అందరూ తిని లేచాకే. అప్పటికి చల్లారిపోయి, చూస్తేనే వాంతొచ్చేది.

మొన్న కీమోకు వెళితే డాక్టరమ్మ బరువు చూసి సూది పెట్టనంది. ‘‘ఏం తింటున్నావమ్మా?’’ అని నన్నడిగితే మా అత్త గర్వంగా జవాబిచ్చింది, ‘‘పథ్యం ఒక్కపూట కూడా తప్పనీలేదు తల్లీ.’’ డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. ‘‘మీరు పెట్టే తిండికి ఈమె రోగంకంటే ముందు ఆకలితో పోతుంది. వచ్చేసారికి ఒళ్లు చేయకపోతే ఇక నేను మందివ్వలేను.’’ దారి పొడుగునా మా ఆయన, ‘‘డాక్టర్లు అట్నే అంటార్లే,’’ అంటూనే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఛీ, చివరికి నా చావు కూడా వీళ్ల వంటింటి పద్ధతి ప్రకారమే జరగాలన్నమాట.

ఈ మధ్యాహ్నం మా ఆయన కొట్టునుంచి వచ్చి చేతులు కడుక్కునేసరికి నేను కంచం ముందు కూర్చుని ఉన్నాను. ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు. తిన్నాక సోమశిల రోడ్డు మీద కాసేపు నడుద్దామనుకున్నాను, ఎవరేం అడిగినా సరే.

‘‘నాకేది?’’ అన్నాడు తెల్లబోయి.

‘‘పొయ్యి మీదుండాది. పెట్టుకోండి.’’

మా అత్త గుండెలు బాదుకుంది. ‘‘మొగుడు తినకముందే తింటావా? వాడి ఆయుష్షు తరిగిపోద్దే!’’

ముద్ద కష్టంగానే దిగింది. మరికాస్త పప్పు వడ్డించుకున్నాను.

‘‘ఇన్నేళ్లూ ఆయన ఆయుష్షు కోసం ఆగినాను అత్తా. ఇంక నా ఆయుష్షు కోసం తింటాను.’’