పేరున్న ఉక్కు

మూడో అంతస్తులో తలుపులు తెరుచుకోగానే అతను స్టూలు పక్కకు జరుపుకుని, లోపలికి వస్తున్న చక్రాల మంచానికి దారి ఇచ్చాడు. మంచం మీది ముసలాయన కళ్ళు తిప్పకుండా పైన ఫ్యాను వైపే చూస్తున్నాడు. ఆ ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. "పైకా, కిందికా?" అని అడిగి మీట నొక్కాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఆస్పత్రిలో అతను మాట్లాడే మాటలు చాలావరకు ఆ రెండే. అందరూ లిఫ్టాయన అంటారు. అసలు పేరు ఎవరూ అడగరు. ఎవరైనా అడిగితే అతనే ఒక్క క్షణం తడుముకోవాలి.

అతని వేళ్ళ గీతల్లో నల్లటి పొడి ఇరుక్కుని ఉంటుంది. ఎంత సబ్బు రుద్దినా పోదు. లిఫ్టు గ్రీజనుకుంటారు నర్సులు. అది ఉక్కు పొడి. అతని గది వెనక రేకుల వసారాలో ఒక చిన్న కొలిమి, ఒక సానరాయి, ముక్క కదలకుండా పట్టి ఉంచడానికి బల్లకు బిగించిన వైసు ఉన్నాయి. కత్తులు చేయడం అతని సరదా. చేయడం అంటే అబద్ధమే అవుతుంది. కత్తులకని ఉక్కు కొనడం అతని సరదా. ఆరంభశూరులని కొందరుంటారు, ఇతనికి ఆ శూరత్వం కూడా లేదు.

అతని మంచం కింద నూనె గుడ్డల్లో చుట్టిన ఉక్కు ముక్కలు బోలెడున్నాయి. జానెడువి కొన్ని, బెత్తెడువి కొన్ని. కొన్నప్పుడు ప్రతిదాన్నీ, ఆస్పత్రి క్యాంటీనులో కూరగాయలు కోసే తన వదినకు ఒక మంచి కత్తి చేసివ్వాలనే కొన్నాడు. ఇంటికి తెచ్చాక ఒకటి మందం ఎక్కువనిపించింది. ఇంకొకటి నిమ్మరసం తగిలితే తుప్పు పడుతుందన్నారు. మరొకటి అన్ని విధాలా మంచిదే, కానీ దానికి కావలసినంత వేడి తన కొలిమికి రాదు. ఎంచబోతే మంచమంతా కంతలే. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిచూపులు కూడా ఇలాగే నడిచాయి, ఆ వయసూ దాటిపోయింది.

ఒకే ఒక్క కత్తి పూర్తి చేశాడు, అదీ చెయ్యి తిరగడానికని. దాని ఉక్కు ఏమిటో తెలియదు. కడ్డీల చివర రంగు పూసి ఉంటుంది. ఆ రంగును బట్టే అది ఏ రకం ఉక్కో చెప్పాలి. రంగున్న కొస పోయిందంటే ఆ ముక్క పేరు అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. అలాంటి అనామకపు ముక్క అది. దానితోనే రోజూ తన వంటకు కూరలు తరుక్కుంటాడు. టమాటా మీద ఆనిస్తే చాలు, దిగిపోతుంది.

టీ వేళకు కింద క్యాంటీనుకు వెళ్ళాడు. వంటగది వెనక పీట మీద వదిన క్యాబేజీలు కోస్తోంది. అన్న పోయాక ఆమె ఇక్కడే కూరగాయలు కోసే పనిలో చేరింది. ఉండడానికి వెనక ఒక గది ఇచ్చారు. ఒకసారి మెట్ల మీద పడి కుడి మణికట్టు విరిగింది, అది వంకరగా అతుక్కుంది. నొక్కితే నొప్పి. అందుకని చేత్తో కాకుండా భుజంతో నొక్కుతోంది, ఒంటి బరువంతా కత్తి మీద వేసి. క్యాంటీను కత్తులు రేకు కత్తులు. ఇతను సానపెట్టి ఇచ్చినా మర్నాటికి మళ్ళీ మొద్దుబారిపోతాయి.

"ఏం మరిదీ, నీ ఉక్కు ఇంకా కాపురానికి రాలేదా?" అంది తలెత్తకుండానే.

"ఇవాళ వస్తోంది వదినా. ఉక్కు కొట్టాయన కబురు పెట్టాడు. పల్చటిది, తుప్పు పట్టదు, పేరున్న ఉక్కు."

"దాని పేరుతో నాకేం పని? నేనేమన్నా సంబంధం చూస్తున్నానా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కత్తి పక్కన పెట్టి మణికట్టు నొక్కుకుంటూ గొంతు తగ్గించింది. "కొత్త కాంట్రాక్టరు ఇవాళ వచ్చి దగ్గరుండి చూస్తాడట. భోజనాల వేళకి ఈ రెండు బుట్టలూ అవ్వాలంట. అవ్వకపోతే ఇక రావద్దంటాడు. పనితో పాటే గదీ పోతుంది. అప్పుడు మా తమ్ముడింటికి పోయి మరదలి చేతి కింద పడుండాలి. ఆవిడ సంగతి నీకు తెలుసుగా."

అతను బుట్టలోంచి ఇంకో క్యాబేజీ తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇంట్లో నువ్వు వాడుకుంటావే, ఆ కత్తి తెచ్చిపెట్టకూడదూ? ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తావు."

"అది ఊరికే చెయ్యి తిరగడానికి చేసింది వదినా. ఏం ఉక్కో కూడా తెలీదు. నీకిచ్చేది అలాంటిదా?"

"నాకు తెగితే చాలయ్యా."

"ఒక్క నాలుగు రోజులు ఓపిక పట్టు."

ఆమె కత్తిని పింగాణీ కప్పు అడుగున రెండు సార్లు రుద్ది, మళ్ళీ క్యాబేజీ మీద భుజం వంచింది.

లిఫ్టులోకి తిరిగి వచ్చాక అతనికి భయం పట్టుకుంది. ఎవరు ఎక్కారో ఎవరు దిగారో చూడలేదు. ఆ మరదలి ఇంట్లో వదిన ఎలా బతుకుతుందో ఊహిస్తూ, నొక్కిన మీటనే మళ్ళీ నొక్కాడు. తన గదికే వచ్చేయమని చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. ఒక్క గదిలో ఇద్దరికీ ఇబ్బంది, రెండు గదుల వాటా దొరకనీ అని ఆగాడు. రెండు గదుల వాటాలు దొరికాయి. ఒకదానికి వెలుతురు లేదు, ఇంకోదానికి నీళ్ళు లేవు.

ఇక ఉండబట్టలేక వాచ్‌మన్‌కి లిఫ్టు అప్పగించి బయటికి వచ్చాడు. వీధి మలుపులో ఆగాడు. ఎడమకు వెళ్తే ఇల్లు, కుడికి వెళ్తే ఉక్కు కొట్టు. ఇంటికి వెళ్ళి ఆ కత్తి తెచ్చి ఇస్తే పని జరిగిపోతుంది, ఆ మాట అతనికి తెలుసు. కానీ ఆలస్యమైతే ఆ పల్చటి ఉక్కును ఇంకెవరో పట్టుకుపోతారు. ఇన్ని నెలలు ఎదురుచూసి, చివరికి వదినకు అనామకపు ముక్క ఇస్తే ఇంతకాలం ఆగినదానికి అర్థమేముంది? కుడికి తిరిగాడు.

"రావయ్యా మీనమేషాలూ, వచ్చింది నీ సరుకు," అన్నాడు కొట్టాయన. భారీ మనిషి, చెవి మీద సుద్దముక్క. "కార్ఖానాలకి లారీల లెక్కన అమ్ముకునేవాణ్ణి. మీరేమో నా కొట్టుకొచ్చి జానెడు కావాలి, బెత్తెడు కావాలి అంటారు. బట్టల కొట్టుకెళ్ళి జేబురుమాలుకి గుడ్డ చింపిమ్మన్నట్టు." సణుగుతూనే తెప్పిస్తాడు. అతని కొట్లో ఇలాంటి సరదా మనుషుల కోసమని ఒక చెక్కపెట్టె ఉంది, నిండా కడ్డీలు కోయగా మిగిలిన ముక్కలు.

ఆ పెట్టె ముందు ఒక దర్జీ గొంతుక్కూర్చుని వెతుక్కుంటున్నాడు. ఇతన్ని చూసి సంచిలోంచి తన మొదటి కత్తి తీసి చూపించాడు. అంచు అలలు తిరిగి ఉంది. పిడికి కుట్టుమిషను దారం చుట్టాడు.

"వంకరగా ఉందిలెండి. కానీ మా ఆవిడ దీన్ని పక్కింటివాళ్ళని ముట్టుకోనివ్వట్లేదు."

"ఏం ఉక్కు?"

"ఏమోనండీ. ఈ పెట్టెలోదే. రంగూ గింగూ ఏమీ లేదు."

అతను అంచును బొటనవేలి గోటి మీద ఆనించి చూశాడు. తన ఇంట్లో ఉన్న కత్తి ముందు ఇది ఎందుకూ పనికిరాదు. అప్పటికప్పుడే ఇంటికి పరిగెత్తాలనిపించింది. ఒక అడుగు వేశాడు కూడా.

"రెండు కడ్డీలొచ్చాయి. ఏది కోయను?" అన్నాడు కొట్టాయన.

అతను వెనక్కి తిరిగాడు. రెండింటినీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, వంపు ఉందేమోనని చూశాడు. గోటితో పొడవునా గీసి చూశాడు. మొదటిదానికి చిన్న గీత ఉంది. రెండోదానికి లేదు, కానీ అంచు కొంచెం గరుకు. మళ్ళీ మొదటిది తీసుకున్నాడు. ఈలోగా దర్జీ చేతికందిన ముక్క తీసుకుని, రాత్రికే మొదలుపెడతానని చెప్పి వెళ్ళిపోయాడు. చివరికి కొట్టాయనే దాని మీద రంపం వేశాడు, నీలం రంగున్న కొస కడ్డీకే మిగిలేలా రెండో వైపు నుంచి.

"దీనికి కూడా కాస్త నీలం రంగు పెట్టండి," అన్నాడతను.

"ఎందుకయ్యా? నువ్వే కొన్నావు, నీకు తెలుసుగా అది ఏమిటో."

"పేరు పోకూడదండీ."

కొట్టాయన నొసలు కొట్టుకుని, కుంచెతో కొసకు నీలం రంగు అద్దాడు. చేతికి అంటుకుంటుందని, జేబులో పెడితే చెరిగిపోతుందని, రంగు ఆరేదాకా అతను అక్కడే చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. ఎండలో పెడితే తొందరగా ఆరేది. ఎండకు రంగు పగులుతుందేమోనని నీడలోనే ఆరబెట్టాడు.

ఉక్కును కాగితంలో చుట్టుకుని వస్తూ దారి పొడవునా హుషారుగానే ఉన్నాడు. ఈసారి రేపు మాపు లేదు, ఇవాళే కొలిమి వెలిగిస్తానని గట్టిగా అనుకున్నాడు. కాంట్రాక్టరుతో మాట్లాడి నాలుగు రోజులు గడువు అడుగుతానని కూడా అనుకున్నాడు.

అతను చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. లిఫ్టు తలుపులు తెరుచుకోగానే వాచ్‌మన్ విసుగ్గా చూశాడు. "ఎక్కడికెళ్ళిపోయారండీ? మీ వదినగారు చాలాసేపు ఎదురుచూశారు."

"ఎందుకూ?"

"కాంట్రాక్టరు వద్దన్నాడటగా. ఒక బుట్టే అయిందట. గది ఖాళీ చేసి, సంచి పట్టుకుని వచ్చారు. మెట్ల దగ్గర నిలబడతానంటే నేనే లోపల కూర్చోమన్నాను. మీ స్టూలు మీద కూర్చుని నాతో పాటే పైకీ కిందికీ తిరిగారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మీరేమోనని చూసేవారు. బస్సు వేళైందని ఇందాకే వెళ్ళిపోయారు."

అతను గేటు దాకా పరిగెత్తాడు. రోడ్డు మీద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఏ బస్సు ఎక్కిందో తెలియదు. ఆమె తమ్ముడి ఊరు ఏ దారిలో ఉందో కూడా ఎప్పుడూ అడగలేదు. తిరిగి వచ్చాడు.

"ఏమన్నా చెప్పిందా?"

"మీరొస్తే తొందరేం లేదని చెప్పమన్నారు."

వాచ్‌మన్ వెళ్ళిపోయాడు. నాలుగో అంతస్తు నుంచి ఎవరో పిలుస్తున్నారు. అతను మీట నొక్కాడు. ఇందులో కాంట్రాక్టరు తప్పు కొంతే, మిగతాదంతా తనదే. ఆ సంగతి అతనికి సందేహం లేకుండా తెలిసింది. ఏడుపు వచ్చింది గానీ లోపల ఇద్దరు మనుషులున్నారు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

వాళ్ళు దిగాక కూర్చోబోతే స్టూలు మీద ఒక డబ్బా ఉంది. రోజూ క్యాంటీను నుంచి వదిన ఇచ్చే అతని మధ్యాహ్న భోజనం. వెళ్ళే ముందు వదిన సర్దిపెట్టినట్టుంది. మూత తీశాడు. అన్నం మీద కీరా ముక్కలున్నాయి, లావుగా, ఒకటి ఒకలా ఒకటి ఒకలా. కొసన ఉన్న ముక్కను పట్టి ఎత్తితే మిగిలినవన్నీ దాని వెంటే లేచాయి, అడుగున తొక్క ఎక్కడా తెగలేదు.