ఎగుమతి సరుకు

గోడ వారన పెట్టిన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత తీసి ప్యో దల్సు మొదట లోపలికి తొంగిచూశాడు, తరవాత వాసన చూశాడు. సిగరెట్ పీకలు లేవు, ఎవరూ ఉమ్మలేదు. మూత బిగించి, డబ్బాని మోకాలి మీదికి, అక్కణ్ణించి ఎడమ భుజం మీదికి ఎక్కించుకుని బస్టాండు వెనకనున్న తోపుడుబండి దగ్గరికి నడిచాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటాడు. బరువు మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగిపోయింది. మెడ మీది చర్మం డబ్బా రాపిడికి కాయకాసి నల్లబడింది. ఇంచన్ బస్టాండులో అతని పేరు ఎవరికీ తెలియదు. అందరూ ‘ఎగుమతిగారు’ అనే అంటారు.

పేరులో వెటకారం ఉంది గాని అబద్ధం లేదు. దేశం అమ్మేదానికంటే కొనేది ఎక్కువగా ఉన్న రోజులవి. ఆ లోటు పూడ్చడానికి ఆడవాళ్ల జుట్టు, సముద్రపు నాచు, ప్లైవుడ్, ఏది దొరికితే దాన్ని ఓడెక్కించేవారు. చివరికి మగవాళ్ల మూత్రం కూడా అక్కరకొచ్చింది. దాన్నుంచి తీసిన పొడిని జపాను వాళ్లు డాలర్లిచ్చి కొంటారు. అందుకే మూత్రశాలలో ఎర్రక్షరాల బోర్డు వేలాడేది: ‘ఒక్క చుక్క కూడా వృథా చేయకండి. ఇది విదేశీ మారకం.’ జనం నవ్వుకునేవారు. దల్సు మాత్రం ఆ బోర్డుని రోజూ తడిగుడ్డతో తుడిచేవాడు.

"ఏం ఎగుమతిగారూ, ముఖం అలా వేలాడేశారు? రాత్రి తాగొచ్చిన వాళ్లకి గురి కుదరలేదా?" నేల కడుగుతున్న చున్‌చన్ ఆవిడ పలకరించింది. ఆవిడ పేరూ ఎవరికీ తెలియదు, పుట్టిన ఊరు పెట్టే పిలుస్తారు.

"మా ఆవిడ పడిపోయింది చెల్లెమ్మా, మొన్న. కుడిపక్క కదలట్లేదు."

ఆవిడ చీపురు ఆపేసింది. "అయ్యయ్యో. ఆస్పత్రికి తీసుకెళ్లారా?"

"తీసుకెళ్లాను. మెదడులో నెత్తురు గడ్డకట్టిందంట. దాన్ని కరిగించే మందుందంట, తొందరగా పడాలంట. ఆ మందు దేంతో చేస్తారో తెలుసా?" దల్సు డబ్బా మీద అరచేత్తో తట్టాడు. "దీంతోనే! మనదేగా. మేనేజరుగార్నడిగి సాయంత్రానికి పట్టుకెళ్తా."

ఆస్పత్రిలోనూ అలాగే అన్నాడు. ఆ మందు ఈ దేశంలో దొరకడం కష్టమని కుర్ర డాక్టరు చెబుతుంటే, "రాసివ్వండి సార్, మా దగ్గర పీపాలకొద్దీ ఉంది" అన్నాడు. డాక్టరు ఏమీ రాయకుండా కలం జేబులో పెట్టుకున్నాడు.

ఉప్పుగాలికి ఎదురు బండి తోసుకుంటూ కంపెనీ గోదాముకి చేరాడు. మేనేజరు గుక్ చెడ్డవాడు కాదు. విషయం వినగానే లేచి కుర్చీ వేశాడు.

"ఇక్కడ పొడి వరకే పెద్దాయనా. ఇంజక్షను తయారయ్యేది అక్కడ."

"అయితే అక్కణ్ణించే తెప్పించండి."

"అప్పుడది దిగుమతి అవుతుంది. పర్మిట్ కావాలి. గుండుసూది కూడా బయటినుంచి కొనొద్దని ఈ ఏడు గట్టి ఉత్తర్వులు. పర్మిట్ వచ్చేసరికి వసంతం వచ్చేస్తుంది."

"పోనీ ఆ పొడే చిటికెడు ఇవ్వండి. నీళ్లలో కలిపి పట్టిస్తాను."

"అది మందు కాదు. మీ మాట విని ఇస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది." గుక్ అతని ముఖంలోకి చూడలేక కిటికీలోంచి లారీల వైపు చూశాడు. బయల్దేరుతుంటే, ఇంటికి తీసుకెళ్దామని కొనుక్కున్న బేరిపండొకటి అతని చేతిలో పెట్టాడు.

దల్సుకి కోపం రాలేదు. భయం వేసింది. నాలుగేళ్లుగా తను మోసినదంతా ఎటుపోయిందో మొదటిసారి ఆలోచించాడు. ఆలోచిస్తూనే, వేళ తప్పకుండా మగపిల్లల బడిలో పెట్టిన డబ్బా కోసం వెళ్లాడు.

అక్కడ అతను చేసిన పనికి చిన్నప్పుడు విన్న మాటే కారణం. మగపిల్లల మూత్రం తాగితే చెడ్డ నెత్తురు విరుగుతుందని వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు నమ్మేవారు. జపాను వాళ్లు కూడా దీంతోనే చేస్తున్నారంటే పెద్దవాళ్లు చెప్పింది నిజమే కదా అనుకున్నాడు. చెత్తలో దొరికిన సారా సీసాని కుళాయి కింద ఒకటికి రెండుసార్లు కడిగాడు. అటూ ఇటూ చూసి, డబ్బాలోంచి సీసాలోకి వంచుకున్నాడు. కంపెనీ సరుకులో చుక్క ముట్టుకోని మనిషి. కంగారులో సగం నేల పాలైంది.

ఇంట్లో అతని భార్య ఒక్‌బున్, అడుగున పొయ్యి వేడికి వెచ్చబడ్డ నేల మీద పడుకుని ఉంది. ఇల్లుగలావిడ పొద్దుటినుంచీ పక్కనే కూర్చుంది. ఒక్‌బున్ జుట్టు పొట్టిగా, చెవుల దాకానే ఉంది. విగ్గుల కోసం దాన్ని రెండుసార్లు అమ్మింది. వేళ్ల కొసలు స్వెట్టర్లు అల్లి అల్లి మొద్దుబారాయి. ఆ స్వెట్టర్లన్నీ ఓడెక్కాయి, ఆవిడ మాత్రం పత్తి రవికెలోనే చలికాలాలు వెళ్లదీసింది. వాళ్లకి పిల్లలు లేరు.

దల్సు బేరిపండు ఆవిడ పక్కన పెట్టి, సీసాలోది వేడిచేసి తెల్ల గిన్నెలో పోసి నోటి దగ్గర పెట్టాడు.

"ఏంటయ్యా... ఇది?" మాట ముద్దగా వచ్చింది.

"మందు. బడిపిల్లలది. కళ్లు మూసుకుని తాగేయవే."

ఒక్‌బున్ వాసన చూసింది. కదిలే సగం ముఖంతో నవ్వింది. "కంపెనీదా?"

అతను తల దించుకున్నాడు.

"ఇచ్చెయ్... తెలిస్తే... పనిలోంచి తీసేస్తారు." గిన్నెని ఎడమచేత్తో తోసింది. "నాకొద్దయ్యా. ఆ పండు... కొయ్యి."

అతను బతిమాలాడు, కసిరాడు, చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ పెదవులు విప్పలేదు. గిన్నెలోది మళ్లీ సీసాలో పోసి బిరడా పెట్టి గుమ్మం బయట చలిలో ఉంచాడు. తరవాత బేరిపండు చెంచాతో గీకి పెట్టాడు. రెండు చెంచాలు తిని, తియ్యగా ఉందని అంది.

తెల్లవారి పొయ్యిలో బొగ్గు మార్చడానికి లేచి చూస్తే ఒక్‌బున్ చెయ్యి చల్లగా ఉంది. నేల ఇంకా వెచ్చగానే ఉంది.

కర్మకాండ అయిన మర్నాడు దల్సు మైల గుర్తుగా చొక్కాకి జనపనార గుడ్డముక్క పిన్నుతో గుచ్చుకుని పనిలోకి వచ్చాడు. చున్‌చన్ ఆవిడ వెటకారమాడలేదు. డబ్బాలు ఎత్తడానికి తనూ ఒక చెయ్యి వేసింది.

మధ్యాహ్నం బడి దగ్గర అతను కోటు లోపలినుంచి ఆ సారా సీసా తీశాడు. లోపలిది గడ్డకట్టి ఉంది. చలిలో గోడకి ఆనుకుని నిలబడి, దాన్ని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని రుద్దాడు. చాలాసేపు పట్టింది. అంతా కరిగాక కంపెనీ డబ్బాలోకి వంచి, చివరి చుక్క దాకా విదిలించి, మూత బిగించి భుజానికెత్తుకున్నాడు.

సీసా బడి గోడ మీదే ఉండిపోయింది, అతని చేతులు పట్టిన మేర మంచు లేకుండా.